హమమత్సు కమ్మరి కొడుకు

పాత జపాన్ మోటారు సైకిళ్లు కొని దాచుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్ల బేరాలు వింటే మనలాంటి నెల జీతగాళ్లకు కళ్లు తిరుగుతాయి. 2018లో బ్రిటన్‌లో జరిగిన ఒక వేలంలో హోండా సీబీ 750 బండి ఒకటి లక్షా అరవై వేల పౌండ్ల పైచిలుకు పలికింది. అప్పటి మారకంలో మన డబ్బు కోటిన్నరకు దగ్గర. అది కార్ఖానాలో వరుసగా తయారైన బండి కూడా కాదు. అమ్మకాలు మొదలవక ముందు చేత్తో కూర్చిన నాలుగు నమూనాల్లో ఒకటి.

కార్ఖానాలో తయారైన వాటిలోనూ మొదటి ఏడు వేల నాలుగు వందల చిల్లర బళ్లకే పెద్ద గిరాకీ. కారణం వింటే నవ్వొస్తుంది. ఆ బళ్ల ఇంజను కింది పెట్టె, అంటే క్రాంక్‌కేసు, పైకి గరుకుగా ఉంటుంది. 1969లో ఈ బండి అమ్మకానికి వచ్చినప్పుడు ఏడాదికి 1,500 పోతే చాలని కంపెనీ అనుకుంది. అంత కొద్ది బళ్ల కోసం ఖరీదైన అచ్చులు, ప్రెస్సులు దండగ అని సాదా పద్ధతిలో పోత పోయించింది. తీరా ఆర్డర్లు వచ్చేసరికి ఏడాది లెక్క కాస్తా నెల లెక్కయింది. ఆ తర్వాత నెలకు 3,000 అయింది. అప్పుడు మంచి అచ్చులు తెచ్చుకున్నారు, క్రాంక్‌కేసులు నున్నగా వచ్చాయి. తొలి బళ్ల గరుకుతనమే ఇప్పుడు వాటికి గుర్తు, ధర కూడా దానికే. సేకర్తలు వాటిని ఇసుక పోత బళ్లని పిలుస్తారు. నిజానికి అవి లోహపు అచ్చుల్లో పోసినవే, ఇసుకలో కాదు. పేరు మాత్రం నిలిచిపోయింది.

ఆ బండి మీద ఉన్న పేరు ఒక మనిషిది. సోయిచిరో హోండా. ఆయన బడి చదువు మొత్తం ఎనిమిదేళ్లు. మన బడుల్లో ఉదయం ప్రార్థన వేళ, చదువు లేకపోయినా పైకి వచ్చిన మహానుభావుల పేర్లు చెప్పేటప్పుడు ఈ పేరు కూడా వినిపిస్తూ ఉంటుంది. ఆయన జీవితం కాస్త దగ్గరగా చూస్తే ఆ వరుసలో ఈ పేరు ఇమడదని మాకు అనిపించింది. అందుకే ఈ వారం ఆయన కథ.

1906 నవంబరు 17న జపాన్‌లోని షిజుఒకా ప్రాంతంలో, హమమత్సు నగరానికి దగ్గరి కోమ్యో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి గిహేయి కమ్మరి. తల్లి మికా మగ్గం నేసేది. ఇంట్లో కొలిమి, సుత్తి చప్పుడు, ఇనుప ముక్కలు. కొన్నాళ్లకు గిహేయి సైకిళ్లు బాగుచేసే దుకాణం కూడా పెట్టాడు. పిల్లవాడికి పుస్తకాల మీద ధ్యాస లేదు. వాళ్ల ఊరికి మొదటిసారి మోటారు కారు వచ్చినప్పుడు దాని వెంట పరుగెత్తాడు. అది నేల మీద కార్చిన నూనె చుక్కల వాసన చూసి మైమరచిపోయాడు. హమమత్సులో ఒక అమెరికన్ విమానం ఎగరేసి చూపిస్తున్నాడని తెలిసి, తండ్రి సైకిలు చెప్పకుండా తీసుకుని ఇరవై కిలోమీటర్లు తొక్కుకుంటూ పోయాడు. సీటు మీద కూర్చుంటే కాళ్లు అందని వయసు. లోపలికి వెళ్లడానికి చేతిలో డబ్బు చాలలేదు. పక్కనున్న పైన్ చెట్టెక్కి, కొమ్మల్లో నక్కి చూశాడు. ఇంటికొచ్చాక తండ్రి ముందు మండిపడ్డాడు. సంగతి విన్నాక అంత దూరం ఎలా వెళ్లావని అడిగి, విమానం గురించి చెప్పించుకున్నాడట.

ఉపాధ్యాయులకు బాగా నచ్చే కథ ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో అక్కడ ప్రోగ్రెస్ కార్డు ఇంటికి తీసుకెళ్లి, తండ్రి చేత కుటుంబ ముద్ర వేయించుకు రావాలి. మన దగ్గర సంతకం ఎలాగో, జపాన్‌లో ముద్ర అలాగ. సోయిచిరో మార్కులు తండ్రికి చూపించే రకం కాదు. సైకిలు పెడలుకు ఉండే రబ్బరు ముక్క తీసుకుని ఇంటిపేరు చెక్కి, తనే ముద్ర వేసుకుని పట్టుకెళ్లాడు. బడిలో ఎవరూ గుర్తించలేదు. దాంతో ధైర్యం వచ్చి, స్నేహితులకు కూడా చెక్కిపెట్టాడు. అక్కడ దొరికిపోయాడు. ముద్ర మీద అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలని వాడికి తెలియదు. హోండా అనే పేరుకు జపాన్ లిపిలో రెండు అక్షరాలు. నిలువుగా రాస్తే రెండింటికీ కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి, తిరగేసినా అదే పేరు. మిగతా పిల్లల పేర్లు అలా కాదు గదా. కార్డుల మీద తలకిందుల పేర్లు పడ్డాయి. గణితంలో సౌష్ఠవం పాఠం చెప్పే రోజున ఈ కథతో మొదలుపెడితే పిల్లలు ఆ పాఠాన్ని మరచిపోరు. తండ్రి ఇచ్చిన శిక్ష సంగతి కూడా చెప్పడం మంచిది, లేకపోతే రేపు మన కార్డుల మీద మనమే సంతకాలు వెతుక్కోవాలి.

1922లో, పదిహేనేళ్లకు, ఎనిమిదేళ్ల చదువు పూర్తిచేసి టోక్యో వెళ్లాడు. ఆర్ట్ షోకాయ్ అనే మోటారు షెడ్డులో పనికి కుదిరాడు. మొదట్లో పానా కూడా ముట్టుకోనివ్వలేదు. యజమాని యూజో సకకిబరా బిడ్డను వీపున కట్టుకుని ఆడించడమే పని. నెలల తరబడి అదే. తిరిగి ఇంటికి పారిపోదామని మూట కట్టుకున్నాడు కూడా, తండ్రి ముఖం గుర్తొచ్చి ఆగిపోయాడు. 1923 సెప్టెంబరు 1న టోక్యోను నేలమట్టం చేసిన పెద్ద భూకంపం వచ్చింది. షెడ్డులో పనిచేసే చాలామంది తమ ఊళ్లకు వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాడికి కాలిన కార్లు బాగుచేసే పని ఒక్కసారిగా మీద పడింది. సకకిబరా పని తెలిసిన గురువు. పిస్టన్ల తయారీ, పాత విమానం ఇంజనుతో పందెం కారు కట్టడం, అన్నీ కుర్రాడికి చూపించాడు. 1924లో ఆ కారు పందెం గెలిచినప్పుడు, నడిపేవాడి పక్కన మెకానిక్‌గా కూర్చున్నది సోయిచిరోనే.

1928లో యజమాని ఆశీస్సులతో, ఆ షెడ్డు పేరుతోనే హమమత్సులో సొంతంగా శాఖ తెరిచారు. అప్పటికి ఆయన వయసు 21. వేరే షెడ్ల వాళ్లు చేతులెత్తేసిన బళ్లు ఆయన దగ్గరికి వచ్చేవి. కార్ల చక్రాలకు అప్పట్లో చెక్క ఆకులు ఉండేవి. వాటి స్థానంలో పోత ఇనుప ఆకులు చేసి హక్కు పొందారు. డబ్బు వచ్చింది, పందెం కార్ల పిచ్చీ ముదిరింది. 1936లో టోక్యో దగ్గరి తమగావా పందెంలో తన కారు బోల్తా పడి, ఆయనా, పక్కన కూర్చున్న తమ్ముడు బెంజిరో గాయపడ్డారు.

ఆ తర్వాతి ఘట్టం కోసమే ముఖ్యంగా మేము ఈ జీవితం రాస్తున్నాం. బళ్లు బాగుచేయడం చాలించి, ఏదైనా తయారుచేయాలని హోండాకు పట్టుదల వచ్చింది. పిస్టన్ రింగులు ఎంచుకున్నారు. ఇంజనులో పిస్టన్‌కూ సిలిండరుకూ మధ్య ఉండే సందును మూసేది ఆ రింగే. చూడటానికి తెగిన గాజు ముక్కలా ఉంటుంది. అది గట్టిగా ఉండాలి, స్ప్రింగులా సాగి గోడను అంటుకుని ఉండాలి, వేడికి ఆ గుణం పోకూడదు. కమ్మరి కొడుక్కి ఇనుము తెలియదా అనుకున్నారు. నెలల తరబడి రాత్రింబవళ్లు కొలిమి దగ్గరే గడిపారు. పోసిన ప్రతి రింగూ పెళుసుగా విరిగిపోయింది. దాచుకున్న డబ్బు కరిగిపోయింది, భార్య సచి నగలు కూడా తాకట్టుకు వెళ్లాయి.

చివరికి హమమత్సులోని ఇంజనీరింగ్ విద్యాలయానికి వెళ్లి ఆచార్యులకు రింగు చూపించారు. పరీక్షించి, ఇందులో సిలికాన్ చాలలేదని తేల్చారు. సిలికాన్ అంటే ఏమిటో హోండాకు తెలియదు. ముప్పై దాటిన మనిషి, ఒక కంపెనీ యజమాని, మర్నాడు నుంచి అదే విద్యాలయంలో చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్నారు. పగలు క్లాసు, సాయంత్రం కొలిమి. రింగులకు పనికొచ్చే పాఠం వస్తే చెవులు రిక్కించి వినేవారు. మిగతా వాటికి నోట్సు రాసేవారు కాదు, పరీక్షలకు కూర్చునేవారు కాదు. రెండేళ్లకు విద్యాలయం ఆయన్ని తీసేసింది. డిప్లొమా ఇవ్వమని చెబితే, సినిమా టికెట్టు అయితే కనీసం హాల్లోకి రానిస్తారు, ఆ కాగితానికి ఆ పాటి విలువ కూడా లేదన్న అర్థంలో జవాబు చెప్పారట.

ఈ సినిమా టికెట్టు ముక్కనే అందరూ పట్టుకుంటారు. దానికి ముందు రెండేళ్లు ఆయన క్లాసులో కూర్చున్న సంగతి వదిలేస్తారు. ఆ క్లాసుకు వెళ్లకపోతే రింగు లేదు, రింగు లేకపోతే కంపెనీ లేదు. తెలియని సంగతికి ఆయన ప్రతిసారీ భారీగానే మూల్యం చెల్లించారు. టొయోటాకు పంపిన తొలి సరుకులో పరీక్షకు తీసిన 50 రింగుల్లో మూడే నిలిచాయి. ఆ తర్వాత మరో రెండేళ్లపాటు ఉక్కు కార్ఖానాలు, విశ్వవిద్యాలయాలు తిరిగి నేర్చుకున్నాకే సరుకు కుదిరింది. రింగుల మీద ఆయనకు వచ్చిన పేటెంట్లు 28.

యుద్ధకాలం గురించి క్లుప్తంగా చెబుతాం. టొయోటా ఆ కంపెనీలో 40 శాతం వాటా తీసుకుంది. మగవాళ్లు సైన్యానికి వెళ్లిపోతే, పని తెలియని ఆడవాళ్లు కూడా నడపగలిగేలా హోండా యంత్రాలు రూపొందించారు. పియానోలు, ఆర్గన్లు చేసే యమహా వాళ్ల కార్ఖానాలో అప్పుడు విమానం రెక్కలు, అదే ప్రొపెల్లర్లు, చెక్కుతుండేవారు. ఒక్కోదానికి వారం పట్టే పనిని అరగంటకు తగ్గించే యంత్రం చేసిచ్చారు. ఒక కార్ఖానా అమెరికా బాంబులకు పోయింది. ఇంకొకటి 1945 జనవరి భూకంపానికి కూలింది. మిగిలింది నాలుగున్నర లక్షల యెన్లకు టొయోటాకు అమ్మేసి, ఏడాదిపాటు ఏ పనీ చేయకుండా కూర్చున్నారు. వెదురు వేణువు నేర్చుకున్నారు, ఇంట్లో సారా కాచారు.

1946 అక్టోబరులో హమమత్సులో చిన్న షెడ్డు వేసి పరిశోధన సంస్థ అని బోర్డు పెట్టారు. ఓడిన దేశం అది. రైళ్లు కిక్కిరిసి ఉండేవి, బస్సులు లేవు, తిండిగింజల కోసం ఊళ్లు తిరగాలి. సైన్యం వాడి వదిలేసిన రేడియో జనరేటరు ఇంజను ఒకటి కంటపడింది. దాన్ని సైకిలుకు బిగించారు. తొలి నమూనాకు పెట్రోలు ట్యాంకు ఏమిటంటే, చలికాలం పక్కలో పెట్టుకునే వేడినీళ్ల సీసా. నడిపి చూసింది సచి. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని ఊరంతా తిరిగి వచ్చింది. కార్బురేటరు నుంచి నూనె ఎగజిమ్మి బట్టలు పాడయ్యాయని చెప్పింది. హోండా ముందు గొణిగినా, అమ్మేలోగా ఆ లోపం సరిచేశారు. అలాంటివి ఐదు వందల దాకా ఇంజన్లు దొరికాయి. అవి అయిపోయాక 1947లో సొంత ఇంజను వచ్చింది. చేసే చప్పుడును బట్టి జనం దాన్ని బటబట అని పిలిచారు.

1948 సెప్టెంబరు 24న హోండా మోటార్ కంపెనీ ఏర్పడింది. 34 మంది పనివాళ్లు. మరుసటేడాది 98 సీసీల డ్రీమ్ డి వచ్చింది. ఇంజనుతో పాటు చట్రం కూడా సొంతంగా చేసిన మొదటి పూర్తి మోటారు సైకిలు అదే. ఆ ఏడాదే తకేయో ఫుజిసావా భాగస్వామిగా చేరారు. యంత్రాలు హోండావి, డబ్బు, అమ్మకం ఫుజిసావావి. కంపెనీ ముద్ర తన దగ్గర ఉంచుకోకుండా ఫుజిసావాకే ఇచ్చేశారు హోండా. చిన్నప్పుడు దొంగ ముద్ర చెక్కిన మనిషి పెద్దయ్యాక అసలు ముద్రను ఇంకొకరికి అప్పగించారన్నమాట. సైకిళ్లకు బిగించే చిన్న ఇంజనును అమ్మడానికి ఫుజిసావా దేశంలోని యాభై వేలకు పైగా సైకిలు దుకాణాలకు ఉత్తరాలు రాయించి, పదమూడు వేల మంది అమ్మకందార్లను సంపాదించారు. అమ్మకాల చదువు చదివేవాళ్లు ఇప్పటికీ ఆ ఉత్తరాల సంగతి చెప్పుకుంటారు.

1951లో నాలుగు స్ట్రోకుల డ్రీమ్ ఇ తయారైంది. తుపాను గాలివానలో హకోనె కనుమ ఎక్కించి పరీక్షించారు. ఆ రోజు బండి నడిపిన కుర్రాడి పేరు కియోషి కవాషిమా. హోండాను తీసేసిన ఆ విద్యాలయంలోనే ఇంజనీరింగ్ చదివి వచ్చాడు. ఈ పేరు గుర్తుంచుకోండి.

1954 కంపెనీకి గడ్డుకాలం. విదేశీ యంత్రాలు 45 కోట్ల యెన్లు పెట్టి కొన్నారు, బళ్లలో లోపాలు బయటపడ్డాయి, అమ్మకాలు పడిపోయాయి. సరిగ్గా ఆ మార్చిలోనే, బ్రిటన్ పక్కన ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగే టీటీ పందేల్లో పాల్గొంటామని ప్రకటించారు. జూన్‌లో ఆ పందేలు చూడటానికి స్వయంగా వెళ్లారు. యూరప్ బళ్ల ఇంజన్లు అదే పరిమాణంలో తన వాటికంటే మూడింతల దాకా శక్తినిస్తున్నాయని చూసి నోట మాట రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు సామానంతా టైర్లు, రిమ్ములు, చైన్లు, కార్బురేటర్లు. మళ్లీ పాఠమే. ఐదేళ్లకు, 1959లో, మొదటిసారి పోటీకి దిగి 125 సీసీ తరగతిలో ఆరో స్థానం తెచ్చుకున్నారు. 1961లో 125, 250 రెండు తరగతుల్లోనూ మొదటి ఐదు స్థానాలూ హోండా బళ్లవే. ఆ కాలపు పందెం బళ్లు అమ్మకానికి రావడమే అరుదు.

అయితే లోకాన్ని మార్చిన బండికి వేలంలో అంత ధర రాదు. 1958 ఆగస్టులో వచ్చిన సూపర్ కబ్ అది. 49 సీసీ ఇంజను, నాలుగున్నర గుర్రాల శక్తి, 55 వేల యెన్ల ధర. నూడుల్స్ దుకాణం కుర్రాడు ఒక చేత్తో పళ్లేలు పట్టుకుని, ఇంకో చేత్తో నడపగలగాలని హోండా షరతు. అందుకే ఎడమ చేతికి క్లచ్ లివరు లేదు, గేరు కాలితో మారుతుంది, క్లచ్ దానంతట అదే పట్టుకుంటుంది. చీర, గౌను లాంటివి కట్టినవాళ్లు కూడా ఎక్కేలా మధ్యలో పల్లం. బురద కాళ్ల మీద చిందకుండా ప్లాస్టిక్ కవచం. 2017 నాటికి ఈ తరహా బళ్లు పది కోట్లు తయారయ్యాయి. ఇంజనుతో నడిచే మరే బండీ ఇన్ని తయారు కాలేదు. ఇంటింటా ఉన్న వస్తువును సేకర్తలు కళ్లకద్దుకోరు కదా.

మన దేశానికి ఆ వరస 1985లో హీరో హోండా సీడీ 100 రూపంలో వచ్చింది. కబ్‌లో లాగే దాని సిలిండరు కూడా దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. హోసూరు వైపు మన పాఠకులకు అంతకు ముందు ఏడాది అక్కడి కార్ఖానాలోంచి సుజుకి వారి సాంకేతికతతో ఏఎక్స్ 100 వచ్చిన సంగతి తెలుసు. కోలారు జిల్లా నర్సాపురలో హోండా కార్ఖానా 2013లో మొదలైంది. తెలుగు మాట్లాడే పల్లెల మధ్య నుంచే రోజూ ఆ బళ్లు బయటికి వస్తున్నాయి. హోండా, యమహా, సుజుకి మూడింటి మూలాలూ హమమత్సు చుట్టుపక్కలే ఉండటం ఇంకో విశేషం.

హోండా మంచి యజమానే కానీ సాధువు కాదు. పని తప్పుగా చేస్తే అరిచేవారు, చేతికందిన పానా విసిరేవారు, కొట్టేవారు కూడా. ఆయన్ని ప్రేమించిన ఇంజనీర్లే ఈ మాట రాశారు. తప్పు చేసినవాడు దాంతో నేర్చుకున్నాడని కొందరు మెచ్చుకోలుగా చెబుతారు. పిల్లలతో పనిచేసే మేము అందులో మెచ్చుకోవాల్సింది ఏమీ చూడలేదు. ఆయన ఎడమ చెయ్యి మాత్రం చూడదగింది. కుడి చెయ్యి పట్టిన సుత్తి దెబ్బలన్నీ తిన్నది ఎడమ చెయ్యే గనుక, దాని మీది మచ్చలన్నిటినీ ఒక బొమ్మగా గీసి, ఏది ఎలా అయిందో రాసి పెట్టారు.

పాఠం వినే ఈ మనిషి ఒకచోట మాత్రం చెవులు మూసుకున్నారు. ఇంజను వేడిని నీటితో చల్లార్చాలా, గాలితోనా అన్నది గొడవ. నీళ్లను చల్లార్చేదీ చివరికి గాలే కదా, మధ్యలో నీళ్లెందుకని ఆయన వాదం. మోటారు సైకిలుకు అది సరిపోతుంది. సిలిండరు రెక్కలు ఎదురుగాలిలో నిలబడి ఉంటాయి. సీబీ 750 కూడా అలా గాలితో చల్లారేదే. కారులో ఇంజను ఒక పెట్టెలో మూసి ఉంటుంది. వేడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది, పొగను శుభ్రం చేయడం కష్టమవుతుంది. కుర్ర ఇంజనీర్లు ఈ సంగతి చెప్పినా వినలేదు. 1968లో గాలితో చల్లారే పందెం కారు ఆర్‌ఏ 302ను ఆయన పట్టుబట్టి తయారుచేయించారు. దాన్ని నడిపి చూసిన జట్టు డ్రైవరు జాన్ సర్టీస్, ఇది పందేనికి సిద్ధంగా లేదు, ప్రమాదమని నిరాకరించారు. జూలై 7న ఫ్రాన్స్‌లోని రువాఁలో జో ష్లెసర్ అనే ఫ్రెంచ్ డ్రైవరు వానలో దాన్ని నడిపారు. కొద్ది చుట్లకే కారు అదుపు తప్పి గట్టును గుద్దుకుని మంటల్లో చిక్కుకుంది. ఆయన చనిపోయారు. హోండా జీవితకథలు చాలావాటిలో ఈ పేజీ సన్నగా ఉంటుంది, కొన్నిటిలో ఉండనే ఉండదు.

అయినా మరుసటేడాది హెచ్ 1300 అనే కారును గాలి పద్ధతిలోనే తెచ్చారు. బరువెక్కువై, ఖర్చెక్కువై అది దెబ్బతింది. తదాషి కుమే అనే ఇంజనీరు విసిగి కొన్నాళ్లు పనికి రాకుండా వెళ్లిపోయారు. ఇంజనీర్లు చివరికి ఫుజిసావా దగ్గర మొరపెట్టుకున్నారు. ఫుజిసావా తన మిత్రుణ్ని ఒకే ప్రశ్న అడిగారు. నువ్వు కంపెనీకి అధ్యక్షుడిగా ఉంటావా, ఇంజనీరుగా ఉంటావా అని. కొంతసేపు మౌనం. అధ్యక్షుడిగానే ఉండాలి కదా అన్నారు హోండా. అయితే కుర్రవాళ్లను నీళ్ల ఇంజను చేయనివ్వమన్నారు ఫుజిసావా. సరేనన్నారు.

ఆ నీళ్ల ఇంజను నుంచే 1972లో సీవీసీసీ వచ్చింది. అమెరికా కొత్తగా తెచ్చిన, కంపెనీలన్నీ అసాధ్యమన్న పొగ నిబంధనలను మొదటగా అందుకున్న ఇంజను అది. పెద్ద అమెరికన్ కంపెనీలను దాటిపోయే అవకాశం దొరికిందని హోండా సంబరపడ్డారు. పనిచేసిన యువకులకు అది నచ్చలేదు. తాము కంపెనీ కోసం చేయలేదని, గాలి శుభ్రంగా ఉండాలని, రాబోయే పిల్లల కోసం చేశామని చెప్పారు. అది విన్నప్పుడే తనకు వయసు మీద పడిందని తెలిసిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు. 1973 అక్టోబరులో హోండా, ఫుజిసావా ఇద్దరూ ఒకేసారి తప్పుకున్నారు. కొత్త అధ్యక్షుడు, తుపానులో హకోనె కనుమ ఎక్కిన కవాషిమా. అప్పటికి ఆయనకు 45 ఏళ్లు. గాలి ఇంజను గొడవలో అలిగి వెళ్లిన కుమే, ఆయన తర్వాత మూడో అధ్యక్షుడయ్యారు. సోయిచిరో కొడుకు కంపెనీలోకి రాలేదు. తమ్ముడు బెంజిరోను ఎప్పుడో బయటికి పంపేశారు. కంపెనీ కుటుంబ ఆస్తి కాకూడదని ఆయన నియమం.

రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న పని, దేశంలోని ప్రతి కార్ఖానాకూ, ప్రతి అమ్మకం దుకాణానికీ వెళ్లి పనిచేసే వాళ్లకు స్వయంగా కృతజ్ఞత చెప్పడం. ఏడు వందల చోట్లు. కొన్నిచోట్ల ఇద్దరో ముగ్గురో ఉండేవారు, అయినా వెళ్లారు. ఒకచోట ఒక కుర్రాడు చేతికి గ్రీజు ఉందని, కడుక్కుని వస్తానని వెనక్కి తగ్గాడు. హోండా ఆ చెయ్యి వదలకుండా పట్టుకుని, తర్వాత తన అరచేయి వాసన చూసుకున్నారు.

1988 చివరిలో ఫుజిసావా కన్నుమూశారు. 1989లో అమెరికాలోని ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఒక జపాన్ వ్యక్తికి మొదటిసారి చోటు దొరికింది. అది హోండాకే. స్వదేశానికి రాగానే ఆ పతకం తీసుకుని ఫుజిసావా ఇంటికి వెళ్లి, ఆయన పటం ముందు పెట్టారు.

1991 ఆగస్టు 5న సోయిచిరో హోండా టోక్యోలో మరణించారు. 84 ఏళ్లు. కంపెనీ తరపున పెద్ద ఎత్తున అంత్యక్రియలు జరపొద్దని ముందే చెప్పి ఉంచారు. అంతమంది వస్తే దారులన్నీ బళ్లతో నిండిపోతాయి, బళ్లు చేసి అమ్మే కంపెనీ వల్ల ఊళ్లో జనం దారిలో ఇరుక్కుపోకూడదని ఆయన చెప్పిన కారణం. కంపెనీ ఆ మాట పాటించింది.